మన కయోటీస్ వెళ్లిపోయింది. ఫీనిక్స్ హాకీ అభిమానులు ఇక్కడ మాట్లాడుకుందాం

ఎడారి_నక్క | టెంపే, అరిజోనా | 2024 ఏప్రిల్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నిన్న రాత్రి మల్లెట్ అరీనాలో మన ఐస్ హాకీ జట్టు అరిజోనా కయోటీస్ ఆఖరి మ్యాచ్ చూసి వచ్చాను. ఎడ్మంటన్ ఆయిలర్స్ మీద 5-2తో గెలిచాం. ఈ రోజు జట్టును తరలించడానికి లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) బోర్డు ఓటు వేసింది. ఆటగాళ్లు, కోచ్‌లు, డ్రాఫ్ట్ హక్కులు (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కులు) అన్నీ యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోతున్నాయి. 1996 నుంచి ఇక్కడ ఉన్న జట్టు 28 ఏళ్లకు ఊరు ఖాళీ చేసింది.

ఆఫీసులో మనవాళ్లకు చెబితే పెద్దగా పట్టించుకోలేదు. ఎడారిలో ఐస్ హాకీ ఏమిటని అడిగారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైనా నాలాంటి వాళ్లు నలుగురు ఉంటారని ఆశ.

నేను 2008లో వచ్చాను. 2012 ఏప్రిల్‌లో మా టీమ్‌లో పనిచేసే ఒకాయన దగ్గర టికెట్ మిగిలిందని గ్లెండేల్‌లో అప్పుడు జట్టు ఆడే అరీనాకు తీసుకెళ్లాడు. షికాగోతో ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్. అరీనా అంతా తెల్ల బట్టలు. నేనొక్కడినే నీలం చొక్కాలో ఉన్నాను. పక్క సీటులో పెద్దావిడ తన బ్యాగులోంచి తెల్ల తువ్వాలు తీసి నా భుజం మీద వేసింది. ఓవర్‌టైమ్‌లో మార్టిన్ హంజల్ గోల్ కొట్టాడు. ఆ సిరీస్‌లో మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కే వెళ్లాయి. షికాగో తర్వాత నాష్‌విల్‌ను కూడా ఓడించాం. కాన్ఫరెన్స్ ఫైనల్లో (లీగ్ సెమీఫైనల్ లాంటిది) లాస్ ఏంజెలెస్ చేతిలో ఆగిపోయాం. అంత దూరం వెళ్లిన ఏడాది జట్టుకు ఓనరే లేడు, లీగే నడిపించింది! అప్పటి నుంచి ఈ జట్టు నాదే.

నిన్న మ్యాచ్ అయిపోయాక ఎవరూ సీట్లలోంచి లేవలేదు. ఆటగాళ్లు ఐస్ మీదే ఉండి స్టిక్‌లు, గ్లవ్స్ జనానికి ఇచ్చేశారు. మా వరుసలో ఒక తాతగారు 28 ఏళ్ల టికెట్ ముక్కలన్నీ ఒక డబ్బాలో పెట్టుకుని తెచ్చారు. ఎవరికీ చూపించలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఎవరైనా ఉన్నారా?

కాచీనా_అమ్మ | చాండ్లర్, అరిజోనా | 2024 ఏప్రిల్ 18, రాత్రి 10:55

ఉన్నాం అన్నా. మా ఇంట్లో ఈ రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మా పాపకు తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా హాకీ ఆడుతోంది. మా వారికి క్రికెట్ తప్ప ఏమీ తెలియదు, నాకు అదీ తెలియదు. స్కూల్లో ఉచితంగా ఒక రోజు నేర్పిస్తామని కాగితం ఇస్తే తీసుకెళ్లాం. అంతే. ఇప్పుడు శనివారం పొద్దున 5:45కి చాండ్లర్‌లోని ఐస్ డెన్ రింక్‌లో ప్రాక్టీస్. జూన్‌లో బయట పొద్దున్నే వేడి మొదలైపోతుంది. నేను మాత్రం కారులో రెండు జాకెట్లు, ఒక శాలువా పెట్టుకుని తిరుగుతాను. మొదటి రోజు చుడీదార్, చెప్పులతో లోపలికి వెళ్లి గంటన్నర వణికాను. ఇప్పుడు ప్యాడ్లు కట్టడం, స్కేట్లకు పదును పట్టించడం, తడిసిన సామాను వాసన రాకుండా గ్యారేజీలో ఆరబెట్టడం అన్నీ వచ్చు.

అమ్మాయిల కోసం ఇక్కడ అరిజోనా కాచీనాస్ అని హాకీ క్లబ్ ఉంది. దాన్ని పెంచింది లిండ్సీ ఫ్రై. ఆమె ఇక్కడ పెరిగిన అమ్మాయే, 2014 ఒలింపిక్స్‌లో అమెరికాకు వెండి పతకం తెచ్చిన జట్టులో ఆడింది. కయోటీస్ ఉండబట్టే ఇవన్నీ ఉన్నాయి. పాప గదిలో కయోటీస్ ఆటగాడు క్లేటన్ కెల్లర్ పోస్టర్ ఉంది. నిన్న పడుకునేటప్పుడు "అమ్మా, ఆయన ఇల్లు కూడా తీసుకెళ్లిపోతారా?" అని అడిగింది. ఇల్లు ఇక్కడే ఉంటుంది, ఆయన వెళ్తాడు అని చెప్పాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు.

జాష్ డోన్ సంగతి తలచుకుంటే ఇంకా బాధ. కయోటీస్ పాత కెప్టెన్ షేన్ డోన్ కొడుకు. స్కాట్స్‌డేల్‌లో పుట్టి, నాన్న ఆట చూస్తూ పెరిగి, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ (ఏఎస్‌యూ)లో ఆడి, పోయిన నెలే కయోటీస్ జెర్సీలో మొదటి మ్యాచ్ ఆడి రెండు గోల్స్ కొట్టాడు. సొంత ఊరి జట్టులో ఆ అబ్బాయికి మూడు వారాలే దక్కింది.

సన్‌డెవిల్_సికింద్రాబాద్ | హైదరాబాద్ | 2024 ఏప్రిల్ 19, ఉదయం 11:20

నేను ఏఎస్‌యూలో మాస్టర్స్ చేసి పోయిన ఏడాది తిరిగి వచ్చాను. 2022 అక్టోబర్ 28, మా ఏఎస్‌యూ అరీనా మల్లెట్‌లో కయోటీస్ మొదటి మ్యాచ్, నేను స్టూడెంట్ సెక్షన్లో ఉన్నా. గోల్ వెనకాలే నిలబడ్డాం. విన్నిపెగ్ జెట్స్‌తో ఆడి ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం.

మొత్తం సీట్లు 5 వేల లోపే. ప్రపంచంలోనే పెద్ద హాకీ లీగ్ జట్టు కాలేజీ అరీనాలో ఆడుతోందని దేశమంతా మాట్లాడుకున్నారు. కానీ నేను ఒకటి చెప్పాలి. అంత దగ్గరగా ఆ ఆట ఎక్కడా చూడలేం. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) గోడకు తగిలితే ఆ దెబ్బ కాళ్లకు తెలుస్తుంది. స్కేట్లు ఐస్‌ను కోసే చప్పుడు వినపడుతుంది. మా రూమ్‌మేట్స్ నలుగురం, వరంగల్ నుంచి ఇద్దరు, ఒంగోలు ఒకడు, నేను. పార్ట్ టైమ్ డబ్బుల్లో మిగిల్చి వెళ్లేవాళ్లం. నిన్న మా గ్రూపులో నలుగురం ఆ ఫొటోలే పెట్టుకున్నాం.

టెంపే_వాసి | టెంపే, అరిజోనా | 2024 ఏప్రిల్ 19, ఉదయం 7:15

మీ బాధ అర్థమవుతోంది. కానీ నా వైపు కూడా వినండి. టెంపేలో కయోటీస్‌కు కొత్త అరీనా మీద 2023 మే 16న జరిగిన ఓటింగ్‌లో నేను వద్దు అని ఓటు వేశాను. ఎందుకో చెబుతాను, దాచుకోను.

ప్రీస్ట్ డ్రైవ్, రియో సలాడో పార్క్‌వే దగ్గర 46 ఎకరాల నగర స్థలం. పాత చెత్త గుట్ట. అక్కడ 16 వేల సీట్ల అరీనా, దాదాపు 2 వేల ఫ్లాట్లు, హోటళ్లు, షాపులు కలిపి 210 కోట్ల డాలర్ల ప్రాజెక్ట్ అన్నారు. కౌన్సిల్ ఏకగ్రీవంగా ఒప్పుకుని ప్రజల ముందు పెట్టింది. సొంత డబ్బుతో కడతామన్నారు, నిజమే. కానీ ఏళ్ల తరబడి ఆస్తి పన్ను మినహాయింపులు ఉన్నాయి. స్కై హార్బర్ విమానాలు దిగే దారి పక్కనే ఇళ్లు కట్టడానికి విమానాశ్రయం వాళ్లు ఒప్పుకోలేదు. అన్నిటికంటే ముఖ్యం, గ్లెండేల్ అనుభవం మా కళ్లముందే ఉంది. పక్క ఊరు ఈ జట్టు కోసం ఎంత ఖర్చు పెట్టి ఎలా నలిగిపోయిందో చూశాక మా వీధిలో చాలామంది వెనకాడారు. మూడు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. వద్దన్నవాళ్లు దాదాపు 56 శాతం.

నాకు హాకీ మీద కోపం లేదు. ఊరి పన్నుల మీద నాకు బాధ్యత ఉందనుకున్నాను. ఈ రోజు మళ్లీ ఓటు పెట్టినా నేను అదే వేస్తాను.

ఎడారి_నక్క | 2024 ఏప్రిల్ 19, మధ్యాహ్నం 12:30

టెంపే_వాసి గారూ, ముక్కుసూటిగా చెప్పినందుకు గౌరవం. కానీ నా సంగతీ వినండి. నేను టెంపేలో 11 ఏళ్లుగా ఉంటున్నాను. ఇంటి పన్ను కడుతున్నాను. ఆ అరీనా స్థలం మా ఇంటికి కారులో పావుగంట. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాను, అందుకే ఆ రోజు నాకు ఓటు లేదు. ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచాను. ఒక పెద్దాయన తలుపు తీసి, నువ్వు ఓటు వేశావా బాబూ అని అడిగాడు. లేదన్నాను. కారణం చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత మంచినీళ్ల సీసా ఇచ్చి పంపాడు.

ఆ రాత్రి ఫలితాలు వస్తుంటే ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మనం ఊరిని ఎంత సొంతం అనుకున్నా, ఊరు నిర్ణయం తీసుకునేటప్పుడు మనం గుమ్మం బయటే. నాకు ఎక్కువ బాధ అదే.

లెక్కల_మాస్టారు | పియోరియా, అరిజోనా | 2024 ఏప్రిల్ 19, రాత్రి 8:05

ఈ గొడవలో టెంపే ఓటర్లను మాత్రమే తిట్టడం సరికాదు. తిలా పాపం తలా పిడికెడు. నేను గ్లెండేల్ అరీనాకు పది నిమిషాల దూరంలో ఉంటాను, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. మొదటి నుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

1996లో విన్నిపెగ్ నుంచి వచ్చినప్పుడు డౌన్‌టౌన్‌లోని అమెరికా వెస్ట్ అరీనాలో దించారు. అది బాస్కెట్‌బాల్ కోసం కట్టింది. బాస్కెట్‌బాల్ కోర్టు పొడవు 94 అడుగులు, ఐస్ రింక్ 200 అడుగులు. రెట్టింపు కంటే ఎక్కువ. దాంతో ఒక చివర పై సీట్లలో కూర్చున్నవాళ్లకు కింద ఉన్న గోల్ కనపడేది కాదు. టికెట్ కొని సగం మ్యాచ్ కనపడకపోతే ఎవరు వస్తారు?

సొంత అరీనా కోసం స్కాట్స్‌డేల్‌లో పాత లాస్ ఆర్కోస్ మాల్ స్థలం అనుకున్నారు. జట్టుకు టికెట్లు కొనేవాళ్లు ఎక్కువగా ఉండేది ఆ వైపే. అది కుదరలేదు. చివరికి గ్లెండేల్ 18 కోట్ల డాలర్లు పెట్టి పడమటి చివర కట్టింది. 2003 డిసెంబర్‌లో తెరిచారు. అరీనా బాగుంది, నేనే సాక్షి. కానీ చాండ్లర్, స్కాట్స్‌డేల్ వాళ్లు వారం మధ్యలో ఆఫీసు అయ్యాక సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంత దూరం రావాలి. పిల్లలకు మర్నాడు స్కూలు. నాకు తెలిసిన ఎంతోమంది ఏడాదికి రెండు మూడు మ్యాచ్‌లకు మించి రాలేకపోయారు. ఇక్కడే జట్టు నడుము విరిగింది అని నా అభిప్రాయం.

2009 మేలో ఓనర్ జెర్రీ మోయెస్ దివాలా పిటిషన్ వేశాడు. బ్లాక్‌బెర్రీ కంపెనీ నడిపిన జిమ్ బాల్సిలీ 21 కోట్ల 25 లక్షల డాలర్లకు కొని కెనడాలోని హామిల్టన్‌కు తీసుకెళ్తానన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. లీగే 14 కోట్లకు కొనుక్కుని నాలుగేళ్లు నడిపింది. ఆ సమయంలో జట్టు వెళ్లిపోకుండా గ్లెండేల్ నగరం రెండు సీజన్లు ఏడాదికి రెండున్నర కోట్ల డాలర్లు కట్టింది. 2013లో కొత్త ఓనర్లు వచ్చారు. అరీనా నిర్వహణ పేరుతో నగరం ఏటా కోటిన్నర ఇవ్వాలని ఒప్పందం. కౌన్సిల్‌లో 4-3తో గట్టెక్కింది. రెండేళ్లకే, 2015లో, ఆ ఒప్పందాన్ని నగరమే రద్దు చేసింది. తర్వాత ఏడాదికో రెండేళ్లకో అద్దె పొడిగించుకుంటూ బతకడం. 2017లో ఏఎస్‌యూతో కలిసి కొత్త అరీనా కట్టాలన్న ఆలోచన పోయింది. 2019లో జట్టు అలెక్స్ మెరుఎలో అనే ఓనర్ చేతికి వచ్చింది. 2021 ఆగస్టులో, ఇక పొడిగించం, ఖాళీ చేయండి అని గ్లెండేల్ చెప్పేసింది. ఆ డిసెంబర్‌లో పన్నుల బకాయి తీర్చకపోతే తాళం వేస్తామని నోటీసు కూడా ఇచ్చింది. అరీనా గేటుకు తాళం! ఆ వార్త చదివిన రోజు నాకు చాలా అవమానంగా అనిపించింది.

28 ఏళ్లలో మూడు అద్దె ఇళ్లు. ఒక్కటి కూడా సొంతం కాదు, సరైన చోట లేదు. ఈ ఊరికి హాకీ పడదు అని బయటివాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ సీజన్‌లో 69 గోల్స్ కొట్టిన ఆస్టన్ మాథ్యూస్ ఎక్కడ పెరిగాడు? స్కాట్స్‌డేల్‌లో, కయోటీస్ మ్యాచ్‌లు చూస్తూ.

సన్‌డెవిల్_సికింద్రాబాద్ | 2024 ఏప్రిల్ 20, ఉదయం 9:00

మాస్టారూ, జట్టు కూర్పులో జరిగింది కూడా కలపండి. లీగ్‌లో ఆటగాళ్ల జీతాలకు పై పరిమితి ఉన్నట్టే కింద పరిమితి కూడా ఉంటుంది. ఆ కింది అంకె అందుకోవడానికి మనవాళ్లు రిటైరైన, ఆడలేని ఆటగాళ్ల కాంట్రాక్టులు వేరే జట్ల దగ్గర తీసుకునేవారు. క్రిస్ ప్రోంగర్, పావెల్ దట్సుక్, మేరియన్ హోసా. ముగ్గురూ గొప్పవాళ్లే, కానీ ఒక్కరూ మన జెర్సీ వేసుకుని ఐస్ మీదకు రాలేదు. బదులుగా డ్రాఫ్ట్ పిక్స్ వచ్చాయి. ఆ పిక్స్‌తో వచ్చిన కుర్రాళ్లు పెరిగి పెద్దయ్యే వేళకు జట్టు యూటాకు వెళ్లింది. మనం నారు పోశాం, నీళ్లు పోశాం, కోత వేరేవాళ్లది.

విన్నిపెగ్_గోదారోడు | విన్నిపెగ్, కెనడా | 2024 ఏప్రిల్ 20, సాయంత్రం 6:40

మా ఊరి నుంచి వెళ్లిన జట్టే కదా మీది, అప్పట్లో దాని పేరు జెట్స్. అందుకే రాయాలనిపించింది.

నేను ఇక్కడికి వచ్చింది 2014లో. కానీ 1996 గురించి ఇక్కడ ఎవరిని కదిపినా గంట చెబుతారు. మా ఎదురింటి ఆయన బస్సు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన చెప్పేది ఇదీ: అప్పట్లో కెనడా డాలర్ పడిపోయింది, ఆటగాళ్లకు జీతాలేమో అమెరికా డాలర్లలో ఇవ్వాలి. పాత అరీనాలో ఆదాయం చాలదు. 1995లో జట్టును నిలబెట్టుకోవడానికి ఊరంతా చందాలు వేసుకుంది. ఊళ్లో ఫోర్క్స్ అనే చోట వేలాదిమంది చేరారు. చిన్నపిల్లలు డిబ్బీలు పగలగొట్టి చిల్లర తెచ్చి ఇచ్చారట. ఆయన కూతురు కూడా ఇచ్చింది. జట్టు ఒక్క సీజన్ ఆగి వెళ్లిపోయింది. 1996 ఏప్రిల్ 28న డెట్రాయిట్‌తో ఆఖరి ప్లేఆఫ్ మ్యాచ్ చూసి ఆయన ఇంటికి నడుచుకుంటూ వచ్చారట, బస్సు ఎక్కాలనిపించలేదట.

ఎడారి_నక్క గారూ, మీరు చెప్పిన ఆ తెల్ల బట్టల సంప్రదాయం ఇక్కడిదే. వైట్ అవుట్ అంటారు. జట్టుతో పాటు అది కూడా మీ ఊరికి వచ్చింది. షేన్ డోన్ కూడా ఇక్కడి నుంచి వచ్చినవాడే. మొదటి సీజన్ ఇక్కడ ఆడి, మిగతా 20 మీ దగ్గర ఆడాడు.

2011లో అట్లాంటా జట్టు మా ఊరికి వచ్చి, పాత పేరుతోనే మళ్లీ జెట్స్ అయింది. అందరూ సంబరపడ్డారు. కానీ పాత జెట్స్ రికార్డులు, చరిత్ర ఇప్పటికీ కయోటీస్ ఖాతాలోనే ఉన్నాయి. మా ఎదురింటాయనకు ఇది మింగుడుపడదు. నా జ్ఞాపకాలు ఫీనిక్స్‌లో ఉన్నాయి అంటుంటారు. ఇప్పుడు ఆ జ్ఞాపకాలు ఎవరి దగ్గర ఉంటాయో మరి. ఆయనకు మీ జట్టు వార్త చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

లీహై_బాబాయ్ | లీహై, యూటా | 2024 ఏప్రిల్ 24, రాత్రి 9:30

అందరికీ నమస్కారం! ఈ రోజు జట్టు ఇక్కడికి వచ్చింది. విమానాశ్రయంలో హాకీ జెర్సీలు వేసుకున్న పిల్లలు వరసగా నిలబడి స్వాగతం చెప్పారు. తర్వాత డెల్టా సెంటర్లో పెద్ద సభ, జనం కిక్కిరిసిపోయారు. మేము కుటుంబంతో వెళ్లాం. సీజన్ టికెట్‌కు అడ్వాన్స్ కూడా కట్టాను. ఆటగాళ్లు కెల్లర్ గురించి, లోగన్ కూలీ గురించి మీకు తెలిసినవి చెప్పండి, మా పిల్లలు అడుగుతున్నారు. చాలా సంతోషంగా ఉంది!

ఎడారి_నక్క | 2024 ఏప్రిల్ 24, రాత్రి 9:52

బాబాయ్ గారూ, ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టుంది. ఈ చర్చలో పై పోస్టులు చదివి రాయాల్సింది.

లీహై_బాబాయ్ | 2024 ఏప్రిల్ 24, రాత్రి 11:10

తప్పయింది బాబూ. చదవకుండా రాశాను. ఇప్పుడు మొదటి నుంచి చదివాను. మీ వరుసలో డబ్బా పట్టుకుని కూర్చున్న ఆయన గురించి చదివి కాసేపు ఆగిపోయాను.

మాకు ఎందుకు దక్కిందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఇక్కడ జాజ్ బాస్కెట్‌బాల్ జట్టు ఓనర్ ర్యాన్ స్మిత్ చేతిలో అరీనా సిద్ధంగా ఉంది. 120 కోట్ల డాలర్లు పెట్టడానికి ఆయన సిద్ధం. డౌన్‌టౌన్ కోసం అమ్మకపు పన్ను పెంచుకోవడానికి రాష్ట్రం చట్టం చేసింది. స్థలం, డబ్బు, ప్రభుత్వం ఒకే వైపు నిలబడ్డాయి. మీకు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి తక్కువైంది. అయితే మాస్టారు గారు చెప్పిన చిక్కు ఇక్కడా ఉంది. డెల్టా సెంటర్ కూడా బాస్కెట్‌బాల్ కోసం కట్టిందే. కొన్ని సీట్లలోంచి ఒక గోల్ సరిగ్గా కనపడదు. మారుస్తామంటున్నారు.

ఎడారి_నక్క | 2024 ఏప్రిల్ 25, ఉదయం 6:30

నేనూ తొందరపడ్డాను బాబాయ్ గారూ. కెల్లర్ గురించి పిల్లలకు చెప్పండి, మనిషి చిన్నవాడే, కానీ పక్ కాలికి కట్టేసినట్టు తిప్పుతాడు. 2022లో కాలు విరిగి స్ట్రెచర్ మీద వెళ్లాడు. మరుసటి సీజన్ తిరిగొచ్చి 37 గోల్స్ కొట్టాడు. అతన్ని బాగా చూసుకోండి.

కమ్మింగ్_కబుర్లు | కమ్మింగ్, జార్జియా | 2024 ఏప్రిల్ 27, ఉదయం 10:15

మా అట్లాంటా ఈ దెబ్బ రెండుసార్లు తింది. 1980లో ఫ్లేమ్స్ కాల్గరీ వెళ్లింది. 2011లో థ్రాషర్స్ విన్నిపెగ్ వెళ్లింది. నేను రెండోది చూశాను. ఆడిన 11 సీజన్లలో ఒక్కసారే, 2007లో, ప్లేఆఫ్స్‌కు వెళ్లాం. న్యూయార్క్ రేంజర్స్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడిపోయాం. ఓనర్లు వాళ్లలో వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. జట్టును చూసేవాళ్లు లేరు. 17 కోట్ల డాలర్లకు అమ్మేశారు, అందులో 6 కోట్లు లీగ్ తీసుకుంది.

విన్నిపెగ్ గోదారాయనా, మీ ఊరి సంబరాలు టీవీలో చూసి నేను ఆ రోజు టీవీ ఆపేశాను. మీ మీద కోపం కాదు. చూడలేకపోయాను.

ఫీనిక్స్ వాళ్లకు నా అనుభవంతో ఒకటి చెబుతాను. మొదటి ఏడాది అందరూ కలుస్తారు, మాట్లాడతారు. రెండో ఏడాది నుంచి పిల్లల లీగ్‌లు సన్నబడతాయి. ఐస్ టైమ్‌కు (రింక్ అద్దెకు) డబ్బు ఇచ్చేవాళ్లు తగ్గుతారు. కాబట్టి ముందు రింక్‌లను కాపాడుకోండి. లీగ్ మళ్లీ ఎప్పుడైనా వచ్చేటప్పుడు చూసేది అదే. మా ఫోర్‌సైత్ కౌంటీలో 400 హైవే పక్కన ద గ్యాదరింగ్ అని కొత్త అరీనా కట్టి మూడోసారి జట్టును తెస్తామంటున్నారు. మా వీధుల్లో సగం తెలుగువాళ్లమే. ట్రాఫిక్ అని కొందరు, ఇళ్ల ధరలు అని కొందరు మాట్లాడుకుంటున్నారు. థ్రాషర్స్ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

సన్‌డెవిల్_సికింద్రాబాద్ | 2024 ఏప్రిల్ 28, సాయంత్రం 7:45

మా హైదరాబాద్‌లో దక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో ఫ్రాంచైజీయే రద్దయింది. కానీ వెంటనే సన్‌రైజర్స్ వచ్చింది, అదే ఉప్పల్ స్టేడియం. జనం పెద్దగా బెంగపడలేదు. మైదానం, ఆట, ఊరు అలాగే ఉన్నాయి, పేరు ఒక్కటే మారింది. ఫీల్డ్ హాకీలో 2005లో గచ్చిబౌలిలో మొదటి ప్రీమియర్ హాకీ లీగ్ గెలిచిన హైదరాబాద్ సుల్తాన్స్‌ను ఇప్పుడు ఎవరూ తలుచుకోరు. మా నాన్న ఆ మ్యాచ్‌లకు నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లాడు. ఆ లీగ్ 2008 తర్వాత లేదు. కమ్మింగ్ అన్న చెప్పింది నిజం. ఆడే పిల్లలు మిగలకపోతే జట్టు పేరు కూడా మిగలదు.

లెక్కల_మాస్టారు | 2024 జూన్ 22, ఉదయం 8:30

అందరికీ ఒక చేదు వార్త. యూటాతో ఒప్పందంలో ఒక దారి వదిలారు కదా. కయోటీస్ పేరు, గుర్తు, చరిత్ర మెరుఎలో దగ్గరే ఉంటాయి, ఐదేళ్లలో అరీనా కడితే కొత్త జట్టు ఇస్తామన్నారు. దానికోసం ఉత్తర ఫీనిక్స్‌లో రాష్ట్ర భూమి 95 ఎకరాలు జూన్ 27న వేలం వేయాలి. ప్రారంభ ధర 6 కోట్ల 85 లక్షల డాలర్లు. నిన్న రాష్ట్ర భూముల శాఖ ఆ వేలం రద్దు చేసింది. అరీనాకు ప్రత్యేక అనుమతి ముందు తెచ్చుకోవాలట.

వారం రోజుల ముందు! నేను ఆ వేలానికి వెళ్లి చూద్దామని సెలవు కూడా పెట్టాను.

లెక్కల_మాస్టారు | 2024 జూన్ 25, రాత్రి 7:10

మెరుఎలో హక్కు వదులుకున్నాడు. ఐదేళ్ల దారి కూడా మూసుకుపోయింది.

టెంపే_వాసి | 2024 జూన్ 25, రాత్రి 9:00

నా ఓటు మారదని ముందే చెప్పాను. కానీ ఇది చదివి బాధపడ్డాను. ఇంకో చోట, ఎవరి పన్నులూ నొప్పించకుండా కడతారనే అనుకున్నాను. ఆ స్థలం పక్క నుంచి నిన్న వెళ్లాను. ప్రీస్ట్ డ్రైవ్ దగ్గర ఇంకా ఆ చెత్త నేలే ఉంది.

ఎడారి_నక్క | 2024 అక్టోబర్ 9, ఉదయం 6:15

నిన్న రాత్రి యూటా మొదటి మ్యాచ్. చూడకూడదు అనుకున్నాను. పది నిమిషాలు చూద్దామని పెట్టి మొత్తం చూశాను. షికాగోతోనే, 5-2. నాకు ఈ జట్టును పరిచయం చేసిన మ్యాచ్ కూడా షికాగోతోనే కదా. మన పాత ఆటగాడు గుంథర్ గోల్ కొట్టినప్పుడు లేచి నిలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, గెలిచారా అని అడిగింది. ఎవరు గెలిచారని చెప్పాలో నాకు తెలియలేదు.

లీహై_బాబాయ్ | 2024 అక్టోబర్ 9, రాత్రి 10:20

నేను అరీనాలో ఉన్నాను బాబూ. మా ముందు వరుసలో ఒకాయన కయోటీస్ పాత జెర్సీ వేసుకుని వచ్చాడు, ఫీనిక్స్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడట. చుట్టుపక్కలవాళ్లు ఆయనకు చేతులు కలిపారు. మీరెప్పుడైనా ఈ వైపు వస్తే మా ఇంట్లో దిగండి. టికెట్ నాది.

కాచీనా_అమ్మ | 2025 మే 8, రాత్రి 8:40

యూటా జట్టుకు మామత్ అని పేరు పెట్టారు. పాపకు చెప్పాను. "మంచి పేరే" అంది. కెల్లర్ పోస్టర్ తీయలేదు, దాని పక్కన తన టీమ్ ఫొటో పెట్టుకుంది. మా బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలు మానేశారు, ఒకరు కొత్తగా చేరారు. కమ్మింగ్ అన్నా, మీరు చెప్పిన మాట నాకు గుర్తుంది. ఈ వేసవి ఉచిత శిక్షణ రోజున కొత్త పిల్లలకు ప్యాడ్లు కట్టడానికి తల్లులం ఆరుగురం వెళ్తున్నాం.

కాచీనా_అమ్మ | 2025 సెప్టెంబర్ 14, సాయంత్రం 5:00

పాపకు పాత స్కేట్లు, మోకాలి ప్యాడ్లు, హెల్మెట్ చిన్నవైపోయాయి. ఒక కయోటీస్ జెర్సీ కూడా ఉంది, ఏడెనిమిదేళ్ల పిల్లలకు సరిపోతుంది. కాచీనా (ఇక్కడి ఆదివాసీల కళా శైలి) బొమ్మది. చాండ్లర్, గిల్బర్ట్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఉచితంగా ఇస్తాను. అమ్మను.

కొత్తగా_చాండ్లర్ | చాండ్లర్, అరిజోనా | 2025 సెప్టెంబర్ 15, ఉదయం 7:50

నమస్తే అక్కా. మేము జూలైలోనే హైదరాబాద్ నుంచి వచ్చాం. మా బాబుకు ఏడేళ్లు. స్కూల్లో ఫ్రెండ్ ఆడుతున్నాడని హాకీ నేర్చుకుంటానని రోజూ గొడవ. సామాను ధరలు చూసి భయపడ్డాం. మీకు ఇబ్బంది లేకపోతే మాకు కావాలి. ఫొటో చూశాను, జెర్సీ మీద బొమ్మ చాలా బాగుంది. అది ఏ జట్టు అక్కా? ఇక్కడిదేనా?

కాచీనా_అమ్మ | 2025 సెప్టెంబర్ 15, ఉదయం 8:20

ఇక్కడిదే. శనివారం పొద్దున ఏడింటికి ఐస్ డెన్ దగ్గరికి బాబును తీసుకుని రండి, పాప ప్రాక్టీస్ అప్పటికి అయిపోతుంది. ముగ్గురూ జాకెట్లు వేసుకోండి, లోపల చలి. జెర్సీ సంగతి కూర్చుని చెబుతాను.